జీపు చిలికిన పాలు

నేను బతుకంత చక్రాల పని చేసిన. ఇంజన్ల జోలికి పోలే, గేరుబాక్సుల జోలికి పోలే. టైరు, ట్యూబు, బేరింగు, స్టీరింగు జాయింట్లు, గింతే నా దునియా. సంతోష్‌నగర్ల గఫూర్ సేఠ్ గ్యారేజీల పానా పట్టిన, ఆయన పోయినంక ఆయన కొడుకు కాడ అదే షెడ్డుల రిటైరైన. ఇప్పుడు ఈ లైన్లకు కొత్తగ వచ్చే పోరగాళ్ళు ఇంటికొచ్చి కూసుంటరు. "అంకుల్, మిషన్లు లేనప్పుడు ఎట్ల చేసిన్రు?" అని అడుగుతరు. చేసినం బిడ్డా, చేతులతోని చేసినం, చెవులతోని చేసినం, కొన్నిసార్లు తప్పు చేసి మల్ల చేసినం. మీరు మిషను మీద చక్రం పెట్టి నంబర్లు చూసి బరువు సరిచేయనీకి సీసం ముక్కలు కొడతరు. మంచిదే. కాని మిషనుకు తెల్వని సంగతులు కొన్నున్నయ్, అవి చెప్తా వినున్రి.

చప్పుడు వేరు, ఊపు వేరు

డెబ్బైలల్ల మిలిటరీ వేలంపాట జీపులు పట్నంల మస్తు తిరిగేవి. కంచన్‌బాగ్ దిక్కు కాంట్రాక్టర్లు, పల్లెలకు పోయే వ్యాపారస్తులు తీస్కునేటోళ్ళు. జీపు తీస్కున్నంక అందరికీ ఒక్కటే మోజు, లగ్గు టైర్లు. అంటే బురదల, రాళ్ళల్ల పట్టు దొరికేటట్టు రబ్బరు దిమ్మెలు దిమ్మెలుగ లేచి ఉండేటివి. బండి నిలవడి ఉంటే చూడనీకి జబర్దస్త్‌గ ఉంటది. తారు రోడ్డు ఎక్కినంక లొల్లి మొదలైతది. ఒక్కొక్క దిమ్మె రోడ్డును కొట్టుకుంట పోతది గదా, లోపల కూసున్నోనికి పిండిగిర్ని పక్కల కూసున్నట్టే ఉంటది.

ఒక కాంట్రాక్టర్ సాబ్ గసొంటి టైర్లు ఏయించుకొని, ఇంటామెను పెండ్లి బట్టలకు పత్తర్‌గట్టి తీస్కపోయిండు. మర్నాడు పొద్దుగాల్నే వచ్చి గ్యారేజీ ముంగట హారన్ కొడుతుండు. ఇంటామె తిరుగుదారిల ఆటోల వచ్చిందట. "గీ చప్పుడు బందు చెయ్యున్రి" అన్నడు. మా గఫూర్ సేఠ్ చాయ్ సాసర్ల పోసుకుంట, "సాబ్, యే జంగల్ కా టైర్ హై. జంగల్ మే జావ్, చుప్ రైతా" అన్నడు. అడవిల నడుపు, చప్పుడు చెయ్యదని. ఆ కాంట్రాక్టర్ ఏం తక్కువోడు కాదు. "జంగల్ల చీరల దుకాణం ఎక్కడున్నది సేఠ్, జెర అది గూడ చెప్పు" అన్నడు. ఇద్దరు నవ్వుకున్నరు, టైర్లు మార్చి పంపినం.

గిది మొదటి పాఠం. లగ్గు టైరుకు చప్పుడు పుట్టుకతోని వస్తది, దానికి మందు లేదు, గిరాకికి ముందుగాల్నే చెప్పాలె. ఊపు గట్ల కాదు. ఊపు వస్తుందంటే ఎక్కడనో ఏదో తప్పున్నట్టు. స్టీరింగు వణికితే ముంగటి చక్రాలు చూడాలె, సీటు వణికితే ఎనుకటివి చూడాలె. ఒక స్పీడుకాడ వచ్చి ఆ స్పీడు దాటితే పోతుందంటే చక్రం బరువుల తేడా ఉన్నదని. నేను చూసిన మెకానిక్కులల్ల సగం మంది చప్పుడును, ఊపును ఒక్కటే చేసి మాట్లాడేటోళ్ళు. గిరాకి "బండి గోల చేస్తుంది" అంటే టైరు మీదికి తోసేసి చేతులు దులుపుకునేటోళ్ళు.

ఒట్టి పాదాల గఫూర్ సేఠ్

మా సేఠ్ గురించి రెండు ముక్కలు చెప్పాలె. బండిల ఊపు ఉన్నదంటే ఆయన స్టీరింగు పట్టుకునేటోడు కాదు. ఇంకొకరిని నడపమని, ఎనుక కూసొని, చెప్పులు ఇడిచి, రేకు మీద ఒట్టి పాదాలు ఆనించి కండ్లు మూసుకునేటోడు. జెరంత దూరం పోయినంక "బాయేఁ హాత్ కా, పీఛే" అనేటోడు. ఎడమదిక్కు, ఎనుకటి చక్రం. ఎక్కువసార్లు అదే అయ్యేది. నేను గూడ గట్ల చెయ్యబోయి ఒకసారి నిద్రపోయిన. చాయ్‌హోటల్ కాడ లేపి మరీ తిట్టిండు.

పని నేర్పుడుల ఆయన అంతటోడు మల్ల రాడు. కాని ఆయనల ఒక పెద్ద లోపం ఉండె, అది గూడ చెప్పకుంటే నేను చెప్పేదంత భజన అయితది. గిరాకి మాట అస్సలు వినకపోతుండె. "గిరాకీ ఝూట్ బోల్తా, పయ్యా నై బోల్తా" అనేటోడు. గిరాకి అబద్ధం ఆడతడు, చక్రం ఆడదని ఆయన లెక్క. అందుకని బండి రాంగనే మనిషిని బల్ల మీద కూసోబెట్టి చాయ్ ఇప్పించి, నోరు మూయించి, మేం చక్రం కాడికి పోయేటోళ్ళం. నేను గూడ ఇదే నేర్చుకున్న. కిష్టయ్యన్న జీపు వచ్చేదాకా ఇదే కరెక్టు అనుకున్న.

కిష్టయ్యన్న పాల జీపు

కిష్టయ్యన్నది పాల వ్యాపారం. సంతోష్‌నగర్ ఎనుక బర్రెల కొట్టం ఉండె, అది చాలక ఇబ్రహీంపట్నం దిక్కు పల్లెలల్ల తిరిగి పాలు తెచ్చేటోడు. వాళ్ళ నాయిన కాలం సంది పత్తర్‌గట్టి కాడ ఒక ఇరానీ హోటల్‌కు వాళ్ళ పాలే పోయేటివి. హోటల్ సేఠును అందరు ఆగాసాబ్ అనేటోళ్ళు. చాయ్ మీద ప్రాణం ఆయనకు. పాలు కొంచెం పలుచగ ఉన్నా వాసన చూసి చెప్పేటోడని పేరు.

వానకాలం వచ్చిందంటే ఆ పల్లె తొవ్వలల్ల కిష్టయ్యన్న జీపు దిగబడేది. ఎడ్లను కట్టి గుంజాల్సి వచ్చేది. అప్పటికల్లా పొద్దెక్కేది, హోటల్ల పాలు ఆలస్యం. గందుకని ఆ ఏడు వానల మొదట్ల లగ్గు టైర్లు ఏయించుకోనీకి మా కాడికి వచ్చిండు. నేనే ఏసిన. చప్పుడు వస్తదని చెప్పిన. "రానీ తమ్మీ, నా బర్రెల కంటే ఎక్కువ అరుస్తదా ఏంది" అని నవ్వుకుంట పోయిండు.

పాత టైర్లు ఇయ్యమని అడిగితే, "కోసి దూడలకు దాణా తొట్లు చేస్త" అన్నడు. చేసిండు గూడ. ఇది గుర్తుపెట్టుకోవాలె ఎందుకంటే, తర్వాత పాత టైర్లు మల్ల ఏసుకుందామంటే ఇగ లేవు.

పాలల్ల వెన్న

వారం గడిచిందో లేదో, జీపు గ్యారేజీల కొచ్చి ఆగింది. కిష్టయ్యన్న దిగిండు. మొఖం చూస్తే ఇంట్ల ఎవలకన్న బాగలేదేమో అనిపించింది. ఎనుక నుంచి ఒక పాల క్యాను దింపి మూత తీసిండు. లోపల పాల మీద తెల్లటి వెన్న ముద్దలు తేలుతున్నయ్. కింద పాలు పలుచగ, నీలం రంగుకు తిరిగి ఉన్నయ్.

"గిదేంది అన్నా?" అన్న.

"నీ టైర్లు" అన్నడు.

నాకు సమజ్ కాలే. అప్పుడు చెప్పిండు. పల్లెలల్ల మెల్లగ నడిచినంత సేపు బాగనే ఉంటదట. సాగర్ రోడ్డు ఎక్కి జెర స్పీడు అందుకున్నదో లేదో బండి మొత్తం వణుకుతదట. క్యాన్లు నిండుగ ఉండవు, ఒక్కొక్క ఊర్ల ఎన్ని దొరికితే అన్ని. సగం క్యాన్లల్ల పాలు, వానకాలం చల్లదనం, కింద ఆగకుంట ఊపు. కవ్వం ఒక్కటే తక్కువ. హోటల్‌కు పోయేసరికి వెన్న పైకి తేలుతుంది, కింద మిగిలింది చాయ్‌ల పోస్తే రంగు వస్తలేదు.

నాకు నవ్వు ఆగలే, నవ్విన. సేఠ్ గూడ నవ్విండు. కిష్టయ్యన్న నవ్వలే.

"ఆగాసాబ్ నన్ను అందరి ముంగట అడిగిండు తమ్మీ. క్యా కిష్టయ్యా, పానీ మిలానా షురూ కరే క్యా, అన్నడు. చాయ్ తాగేటోళ్ళందరు నా దిక్కు చూసిన్రు. మా నాయిన గా హోటల్‌కు పాలు పోసి పోసి ముసలోడైండు. ఒక్కనాడు ఒక్కరు గా మాట అనలే. మూడు పొద్దులు చూసిండట, జుమ్మా దాకా చూస్తా, తర్వాత ఇంకొకనికి చెప్పుకుంటా అన్నడు. గిరాకి పోతే పోయిండు, ఇంకొక హోటల్ దొరుకుతది. నీళ్ళు కలిపిండనే పేరు పోతదా?"

అప్పుడు మా ఇద్దరికి నవ్వు ఆగింది. జుమ్మా అంటే శుక్రవారం. అప్పటికి ఇంకా రెండు రోజులున్నది.

మా తెలివి ఎట్ల పని చేసిందంటే

సేఠ్ చెప్పులిడిచి ఎనుక కూసున్నడు. నేను నడిపిన. చంపాపేట దాకా పోయి తిరిగి వచ్చినం. సేఠ్ కండ్లు మూసుకునే ఉన్నడు, కాని ఏం చెప్తలేడు. చివరికి "చారోఁ" అన్నడు. నాలుగు చక్రాలు ఊపుతున్నయ్ అని. ఆయన నోట్ల నుంచి గా మాట ఎప్పుడు వినలే. ఒక చక్రం చెడితే అర్థమైతది, రెండు చెడితే అర్థమైతది, కొత్త టైర్లు నాలుగు ఒక్కసారి ఎట్ల చెడుతయ్?

జాకీ ఎత్తి చక్రం చేతితోని తిప్పినం. మామూలుగ అయితే తిరిగి తిరిగి మెల్లగ ఆగాలె. ఇది రెండు చుట్లకే బరువుగ ఆగింది. నాలుగు గట్లనే. "బ్రేకులు పట్టుకుంటున్నయ్" అన్నడు సేఠ్. బ్రేకులు వదులు చేసినం. గాలి చూసినం, సరిగ్గనే ఉన్నది. గాలి చూసేటప్పుడు చక్రం తిప్పి గాలి కొట్టే వాల్‌ను పైకి తెచ్చి చూడాలని సేఠ్ రూలు, వాల్‌ల మట్టి పడొద్దని. మేం గట్లనే చూసినం. కిష్టయ్యన్నను "పో అన్నా, ఇగ ఏం కాదు" అని పంపినం.

తెల్లారి ఆయన మల్ల వచ్చిండు. పాలు మల్ల వెన్నైనయ్. దానికి తోడు కొట్టం కాడ ఆయన బర్రె బండికి అడ్డం వస్తే బ్రేకు సగం పట్టి సగం పట్టలే, పేడ కుప్పలకు పోయి ఆగిండట. "ఊపు పోగొట్టమంటే బ్రేకు పోగొట్టిన్రు" అన్నడు. మల్ల బ్రేకులు బిగించినం.

తర్వాత బేరింగులు ఊపి చూసినం. స్టీరింగు ఒక జాయింటు జెర వదులున్నది, మార్చినం. మార్చినంక నాకు మస్తు ఖుషీ అయింది, దొరికిందిరా దొంగ అనుకున్న. మల్ల నడిపి చూస్తే అదే ఊపు. నేను ఒక సలహా చెప్పిన, క్యాన్లు మూతి దాకా నింపితే పాలు కదలవు, వెన్న కాదని. కిష్టయ్యన్న నా దిక్కు చూసి, "బర్రెలకు చెప్పు తమ్మీ, రేపటి సంది మూతి దాకా ఇయ్యమని" అన్నడు.

ఆ పొద్దు ఆయన ఇంటామె లచ్చవ్వ గూడ జీపుల వచ్చింది. ఆమె ఒక్కతే ఆ ఇంట్ల బాధ లేనిది. "మల్ల మార్చకున్రి బిడ్డా గీ టైర్లు. పెండ్లయిన కాడ్నుంచి చిలుకుతున్న, చేతులు పడిపోయినయ్. గిప్పుడు బండి చిలుకుతుంది, నేను నెయ్యి కాసుకుంటున్న" అన్నది. కిష్టయ్యన్న ఆమె దిక్కు చూసిన చూపుకు ఇంకొకామె అయితే భయపడేది. లచ్చవ్వ కొంగు సర్దుకొని నవ్వింది.

చక్రం బరువు

గురువారం పగటీలి సేఠ్ చెప్పిండు, ముంగటి చక్రాలు ఎనుకకు, ఎనుకటివి ముంగటికి మార్చి చూడమని. ఆయన ఆఖరికి చేసే పని గది, దిక్కు తోచనప్పుడు. నేను నట్లు ఇప్పి మొదటి చక్రం గుంజిన. గుంజంగనే నడుం కలుక్కుమన్నది. గీ చక్రాన్ని వారం కింద నేనే ఎత్తి పెట్టిన. అప్పుడు ఒక్క చేతితోని మోకాలి మీద పెట్టుకున్న. గిప్పుడు రెండు చేతులతోని గూడ లేస్తలేదు.

కింద దింపి దొర్లించిన. చక్రం లోపల గుళగుళమని చప్పుడైంది. ఆగి మల్ల దొర్లించిన. మల్ల గుళగుళ. వాల్ కిందికి వచ్చేటట్టు నిలబెట్టి, గోరుతోని నొక్కిన. గాలికి బదులు నీళ్ళు చిమ్మి నా మొఖం మీద పడ్డయ్.

సేఠ్ కుర్చీల నుంచి లేచిండు. నేను మొఖం తుడుచుకుంట కిష్టయ్యన్న దిక్కు తిరిగిన. ఆయన బల్ల మీద కూసొని చాయ్ తాగుతుండు, ఏం ఎరగనట్టు.

"అన్నా, టైర్లల్ల నీళ్ళున్నయేంది?"

"ఉంటయ్ గదా" అన్నడు. "మా బామ్మర్ది మల్లేశు పోసిండు."

మల్లేశు ఊర్ల ట్రాక్టరు నడిపేటోడు. పొలంల దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఎనుక చక్రాలల్ల నీళ్ళు నింపుతరు, బరువుకు పట్టు దొరుకుతదని. అది మంచి పద్ధతే, ట్రాక్టరుకు. మల్లేశు జీపుకు లగ్గు టైర్లు చూసిండు. ట్రాక్టరు టైర్ల లెక్కనే ఉన్నయ్ గదా, బావ బండి దిగబడొద్దని పైపు పెట్టి నీళ్ళు నింపిండు. ట్రాక్టరుకు ఎనుక రెండిటికే పోస్తరు, జీపు నాలుగు చక్రాలు గుంజే బండి గదా అని నాలుగిట్ల పోసిండు. సగం దాకా నీళ్ళు, పైన గాలి. బురదల మెల్లగ నడిచినంత సేపు నిజంగనే మంచిగ పట్టింది. తారు రోడ్డు మీద స్పీడు అందుకున్నంక లోపల నీళ్ళు ఎటుబడితే అటు కొట్టుకొని, బండిని కుదిపి కుదిపి పెట్టినయ్. చక్రం రెండు చుట్లకే ఆగింది గూడ ఆ నీళ్ళ వల్లనే. వాల్ పైకి పెట్టి చూసినన్ని రోజులు మాకు గాలే కనవడ్డది.

"మాకెందుకు చెప్పలే అన్నా?" అన్న. కోపంతోనే అన్న.

"మీరు అడిగిన్రా?" అన్నడు.

నిజమే, అడగలే. వచ్చిన ప్రతిసారి బల్ల మీద కూసోబెట్టి చాయ్ ఇప్పించినం. టైర్లు ఏసినంక ఎవలన్న ముట్టుకున్నరా అని ఒక్క మాట అడిగి ఉంటే మొదటి రోజే అయిపోయేది. ఆయన అబద్ధం ఆడలే, దాచిపెట్టలే. ఆయన దృష్టిల అది చెప్పాల్సిన సంగతే కాదు. సేఠ్ నా దిక్కు చూడకుంట తల గోక్కున్నడు. ఆ తర్వాత గిరాకి అబద్ధమాడతడనే మాట ఆయన నోట్ల నేను వినలే, కొత్త బండి వస్తే ఆయనే పోయి పక్కల కూసొని ముచ్చట పెట్టేటోడు. మీకు నేను చెప్పేది గూడ గిదే. జాకీ ఎత్తకముందు మనిషితోని మాట్లాడున్రి. ఊరికె "ఏమైంది" అని కాదు, "బాగున్ననాటి సంది ఇప్పటిదాకా దీనికి ఎవలెవలు ఏమేం చేసిన్రు" అని అడగున్రి.

నాలుగు ట్యూబులు తీసి నీళ్ళు గుమ్మరించినం. షెడ్డు ముంగటంత తడిసింది. కిష్టయ్యన్న గా పారే నీళ్ళనే చూసుకుంట నిలవడ్డడు. కొద్దిసేపటికి నా కాడికి వచ్చి నెమ్మదిగ అన్నడు, "ప్రభాకర్, రేపు నాతోని హోటల్‌కు రా. కాని ఆగాసాబ్ ముంగట నీళ్ళు అనే మాట తియ్యకు. బేరింగు చెడిపోయిందని చెప్పు. ఆయన చెవుల నీళ్ళు అనే మాట మల్ల పడొద్దు." నాకు ఆ మాట మంచిగనే అనిపించింది, సరే అన్న.

జుమ్మా పొద్దుగాల

పొద్దుగాల నేను జీపు ఎనుక క్యాన్ల మధ్యల కూసొని వచ్చిన. సాగర్ రోడ్డు మీద కిష్టయ్యన్న స్పీడు పెంచిండు. దిమ్మెల చప్పుడు ఉన్నది, అది పోదు. ఊపు మాత్రం లేదు. క్యాను మీద చెయ్యి పెట్టి చూసుకుంట వచ్చిన, జెరంత గూడ వణకలే.

పత్తర్‌గట్టిల హోటల్ నిండ జనం. క్యాన్లు లోపలికి మోసినం. చాయ్ చేసే ఉస్తాద్ మూత తీసి, గరిటె ముంచి పైకెత్తిండు. పాలు చిక్కగ గరిటెకు అంటుకొని దిగినయ్. వెన్న లేదు. ఉస్తాద్ గల్లా కాడికి తల ఊపిండు. ఆగాసాబ్ లేచి వచ్చి చూసిండు, వాసన చూసిండు.

"అచ్ఛా హై. ఆజ్ నై మిలాయా" అన్నడు.

ఇయ్యాల కలపలే అని. అంటే నిన్నటిదాకా కలిపిండనే ఆయన లెక్క. భయపెట్టినంక మానుకున్నడని. పాలు మంచిగయితే పని అయిపోయిందని అనుకున్నం, కాని మంచి పాలతోని కిష్టయ్యన్న మీది మాట ఇంకా గట్టి పడ్డది. ఇప్పుడు బేరింగు చెడిందని చెప్తే ఎవలు నమ్ముతరు?

కిష్టయ్యన్న నా దిక్కు చూసిండు. తర్వాత ఆగాసాబ్ దిక్కు తిరిగి ఆయనే అన్నడు.

"ఆగాసాబ్, పానీ థా. దూద్ మే నై, టైర్ మే థా." నీళ్ళున్నయ్, పాలల్ల కాదు, టైర్లల్ల ఉండె అని.

హోటల్ల ఒకాయన సాసర్ నోటికాడికి తెచ్చి గట్లనే పట్టుకున్నడు. ఆగాసాబ్ నవ్వలే, "మజాక్ కర్తే క్యా మియాఁ?" అన్నడు, పరాచికాలాడుతున్నవా అని. నేను ముందుకొచ్చి మల్లేశు సంగతి, ట్రాక్టరు సంగతి, పాలు చిలికిన సంగతి నాకొచ్చిన ఉర్దూల మొత్తం చెప్పిన. ఆగాసాబ్ మొఖంల నమ్మినట్టు లేదు. మెకానిక్కును ఎంటబెట్టుకొని వచ్చిండు, కథ అల్లుకొని వచ్చిండు అనుకుంటుండొచ్చు.

అప్పుడు కిష్టయ్యన్న ఉలిక్కిపడ్డట్టు నా చెయ్యి పట్టుకున్నడు. "తమ్మీ, మల్లేశు స్టెప్నీల గూడ పోసిండు గదా."

ఎనుక వేలాడే అదనపు చక్రం. రోడ్డు మీద తిరిగేది కాదు గనుక నాకు గూడ దాని యాదే లేదు. అందరం బయటికి పోయినం. ఆగాసాబ్ ఎనుక ఉస్తాద్, ఉస్తాద్ ఎనుక చాయ్ గ్లాసులు పట్టుకొని సగం హోటల్. స్టెప్నీ వాల్ కిందికే ఉన్నది. "జెర పక్కకు జరగున్రి ఆగాసాబ్" అన్న. ఆయన జరగలే, ఇంకా దగ్గరికి వంగిండు. నేను నొక్కిన.

ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ మెడ కాడ్నుంచి బొడ్డు దాకా తడిసింది. ఎవ్వలు నవ్వనీకి ధైర్యం చెయ్యలే. ఆగాసాబ్ అంగీ చూసుకున్నడు, వేలితోని తడి ముట్టుకొని వాసన చూసిండు. రబ్బరు కంపుకు మూతి తిప్పిండు. తర్వాత ముందుగాల ఆయనే నవ్విండు, పొట్ట పట్టుకొని నవ్విండు, గప్పుడు మొత్తం గల్లి నవ్వింది.

నవ్వు అయిపోయినంక ఆయన కిష్టయ్యన్న భుజం మీద చెయ్యేసి లోపలికి తీస్కపోయిండు. గల్లా పక్కల నిలవెట్టుకున్నడు. అంగీ ఇంకా నీళ్ళు కారుతుంది. టేబుళ్ళ దిక్కు తిరిగి, అందరికి వినవడేటట్టు గొంతు పెంచి అన్నడు. ఈ ఆద్మీ పాలల్ల నీళ్ళు కలిపిండని నేను ఇక్కడ నిలవడి అన్న, నేను తప్పు, ఈయన బాపు తప్పు చెయ్యలే, ఈయన చెయ్యలే, అని. ఉర్దూల అన్నడు, నేను నా మాటల్ల చెప్తున్న. తర్వాత కిష్టయ్యన్న దిక్కు తిరిగి, "మాఫ్ కరో భాయ్" అన్నడు.

కిష్టయ్యన్న తెలుగులనే అన్నడు. "మాఫీ ఏం వద్దు ఆగాసాబ్. ఆ మాట అన్న జాగల్నే, అది నిజం కాదన్నవు. గది చాలు."

ఖాళీ క్యాన్లు జీపుల పెట్టినం. కిష్టయ్యన్న ఎక్కి తాళంచెవి పెట్టబోయిండు, అది రంధ్రంల పోతలేదు. రెండుసార్లు చూసిండు. హోటల్ దిక్కు ఒకసారి తిరిగి చూసి, తాళంచెవి నా చేతుల పెట్టిండు.

"నువ్వు నడుపు తమ్మీ" అని పక్క సీట్లకు జరిగిండు.